కంపైలర్ ఎక్కడ చూసిందో నేను చూడలేదు

కొత్తగా లాబ్ ప్రోగ్రామర్ ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, మీ అనుభవాలు నాలుగు రాసివ్వండి, మాకు పనికొస్తాయి" అంది. మంచి మాటలు ఆశించినట్టుంది. నా దగ్గర అవి తక్కువ. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, ఎవరు ఎవరి మీద కంప్లయింట్ పెట్టారు, ఇవేవీ రాయను. అవి అన్ని కాలేజీల్లోనూ ఒకటే. నా వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. అది ఎలా పోయిందో రాస్తాను. పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

నేను గుడివాడ మనిషిని. బందరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. రోజూ బస్సులో వెళ్ళి బస్సులో వచ్చాను. పేరుకి ప్రోగ్రామర్‌ని. లెక్చరర్ గారు బోర్డు మీద రాసింది యంత్రంలో నడవకపోతే పిలిచే మనిషిని. నడిస్తే ఎవరికీ గుర్తురాని మనిషిని.

ఎర్రర్ రాలేదు కదా

ఈ పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మనం రాసిన ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. ప్రోగ్రాం అంతా మనమే రాయం. కావలసిన అంకెలు, పేర్లు ఉన్న ఫైలు ఒకటి వేరేగా ఉంటుంది, దాన్ని హెడర్ అంటారు. ముందే కట్టి పెట్టిన లెక్కల మూట ఇంకొకటి ఉంటుంది, అది లైబ్రరీ. ఫలానా హెడర్ కలుపు, ఫలానా లైబ్రరీ కలుపు అని ప్రోగ్రాం చెబుతుంది. ఎక్కడున్నాయో మనం చెప్పకపోతే కంపైలర్ తనకి అలవాటైన కొన్ని ఫోల్డర్లలో ఒక వరసలో వెతుకుతుంది. మొదట దొరికింది తీసుకుంటుంది. అది మనం అనుకున్నదా, అదే పేరుతో ఉన్న ఇంకొకటా అన్నది దానికి పట్టదు. పట్టాల్సింది మనకి.

ఏ ఫోల్డర్లలో వెతుకుతోందో అడిగితే చెబుతుంది కూడా. gcc -v అని కొడితే వెతికే చోట్లన్నీ వరసగా చూపిస్తుంది. -H అని జతచేస్తే ఏ హెడర్ని ఎక్కడి నుంచి తెచ్చిందో పూర్తి చిరునామాతో చూపిస్తుంది. తయారైన ప్రోగ్రాం మీద ldd అని కొడితే అది ఏ లైబ్రరీలను పట్టుకుందో చెబుతుంది. మూడు చిన్న ప్రశ్నలు. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను లాబ్‌లో ఏ పిల్లకీ పిల్లాడికీ ఇవి నేర్పలేదు. సిలబస్‌లో లేవు.

మా హెడ్ గారు మంచివారు. చిక్కంతా అక్కడే. అరిచే హెడ్ అయితే మనం జాగ్రత్తగా ఉంటాం. ఈయన నవ్వుతూ వచ్చి, "ఎర్రర్ వచ్చిందామ్మా? రాలేదా? అయితే రికార్డులో రాయించెయ్యండి" అనేవారు. ఎక్స్‌టర్నల్ పరీక్షకి వచ్చినాయన స్క్రీన్ మీద అవుట్‌పుట్ చూసి, మజ్జిగ తాగి, సంతకం పెట్టి వెళ్ళేవారు. ఒకసారి ఒకబ్బాయి, "మేడమ్, ఈ హెడర్ అసలు ఎక్కడుందండీ?" అని అడిగాడు. "ఎక్కడుంటే నీకెందుకు, పని చేసింది కదా" అన్నాను. ఆ అబ్బాయి మళ్ళీ ఏమీ అడగలేదు. సిగ్గుగానే ఉంది ఇది రాయడానికి.

అందరికీ దొరికే చోటు

లాబ్ అంతా ఒకే పెద్ద సర్వర్ మీద నడిచేది. స్టాఫ్‌లో ఎవరికివాళ్ళం హెడర్లు రాసుకుని మా ఫోల్డర్లలో పెట్టుకునేవాళ్ళం. హెడ్ గారికి అది నచ్చలేదు. "అన్నీ మీ మీ ఫోల్డర్లలో దాచుకుంటే మిగతావాళ్ళ సంగతేంటమ్మా? అందరికీ దొరికే చోట పడెయ్యండి" అన్నారు. అందరికీ దొరికే చోటు అంటే కంపైలర్ అలవాటుగా వెతికే ఉమ్మడి ఫోల్డరు. హెడర్లకి ఒకటి, లైబ్రరీలకి ఒకటి. అక్కడ పడేస్తే ఎక్కడి నుంచైనా దొరుకుతాయి, దారి చెప్పక్కర్లేదు. హాయిగా ఉంది.

అదే మా అలవాటైపోయింది. పెట్టేవాళ్ళే గానీ తీసేవాళ్ళు లేరు. మానేసి వెళ్ళినవాళ్ళవి, పాస్ అయిపోయిన పిల్లల ప్రాజెక్టులవి, అన్నీ అక్కడే ఉన్నాయి. ఒకే పేరుతో మన దగ్గర కొత్తది, అక్కడ పాతది ఉండొచ్చని తెలుసు. తెలిసీ ఏనాడూ తెరిచి చూడలేదు.

పోటు చార్టు

దివిసీమలో కోడూరు వైపు ఒక మురుగు కాలువ ఉంది. పొలాల్లో నీళ్ళన్నీ దాంట్లోంచి సముద్రంలోకి పోతాయి. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు అదే కాలువలోంచి ఎదురొస్తుంది. అందుకని చివర తలుపులున్నాయి. ఆటుకి ఎత్తాలి, పోటుకి దించాలి. ఎత్తి దించే మనిషిని లస్కరు అంటారు. ఆ లస్కరు పేరు నాంచారయ్య. కాలువ కింద రైతులు పెట్టుకున్న సంఘం ఆయనకి జీతమిచ్చేది.

నాంచారయ్య తిథి చూసుకుని, నీళ్ళు చూసుకుని తలుపులు నడిపేవాడు. దానితో ఎప్పుడూ గొడవే. వానలు పడినప్పుడు ఎగువ రైతుల చేలు మునుగుతాయి, వాళ్ళకి తలుపులు ఎంతసేపు తెరిచి ఉంటే అంత మంచిది. శివారు రైతులకి ఉప్పునీటి భయం, వాళ్ళకి ఎంత ముందు దించితే అంత మంచిది. ఎప్పుడు దించినా ఎవరో ఒకరు ఆయన మీదికి వచ్చేవారు. సంఘం ప్రెసిడెంటు గారు మా హెడ్ గారికి తెలిసినాయన. కంప్యూటర్‌తో వేళలు కట్టించి గోడకి అంటిస్తే గొడవ ఉండదు కదా అన్నారు. ఆ పని నాకు వచ్చింది.

బందరు రేవులో పోటు వేళలు ముందే దొరుకుతాయి. అక్కడి నుంచి ఈ కాలువ మొగకి, అంటే సముద్రంలో కలిసే చోటికి, నీళ్ళు రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఆ అంకె కలిపితే చాలు. ఆ అంకెలు ఒక హెడర్‌లో పెట్టాను. లెక్క కట్టే భాగం విడిగా కట్టి లైబ్రరీ చేశాను. హెడ్ గారి మాట ప్రకారం రెండింటి నకళ్ళూ ఉమ్మడి ఫోల్డర్లలో పెట్టాను. పక్షానికొక చార్టు ప్రింటు తీసి పంపేదాన్ని. కొన్నేళ్ళు చక్కగా నడిచింది. నాకు సంఘం వాళ్ళు శాలువా కూడా కప్పారు.

తరవాత కాలువ మొగలో ఇసుక మేట తీసి తిన్నగా తవ్వారు. కొన్నాళ్ళకి నాంచారయ్య ఫోన్ చేశాడు. "మేడమ్ గారూ, మొగ తవ్వినకాడ్నించి పోటు తొందరగా వచ్చేత్తందండీ. మీ చార్టు వెనకబడతంది" అన్నాడు. చార్టు కంటే ముందే రెండుసార్లు తలుపులు దించాడట. ఎగువ రైతులు మీటింగు పెట్టి తిట్టారట. సంఘం వాళ్ళు ఒక ఇంజనీరు గారిని తీసుకొచ్చి కొలిపించారు. నలభై నిమిషాలు ముందే వస్తోందని తేలింది. అంటే నాంచారయ్య చెప్పింది నిజమే.

నేను నా ఫోల్డర్లో హెడర్ తెరిచి, పాత అంకె తీసి కొత్త అంకె పెట్టాను. కంపైల్ చేశాను. ఎర్రర్ రాలేదు. కొత్త చార్టు ప్రింటు తీసి పంపాను. ఇకమీదట చార్టులో ఉన్న వేళకే దించాలి, సొంత తెలివి పనికిరాదు అని సంఘం వాళ్ళు నాంచారయ్య చేత కాగితం మీద సంతకం పెట్టించారు. ఆ షరతు పెట్టమన్నది నేనే.

ఫోను

నారుమళ్ళు పచ్చగా ఉన్న రోజులు. మూడు రోజులు వాన పడి వెలిసింది. మధ్యాహ్నం నేను లాబ్‌లో ఉండగా నాంచారయ్య ఫోను.

"మేడమ్ గారూ, గుర్రపుడెక్క వెనక్కి తిరిగిందండీ."

కాలువలో తేలే గుర్రపుడెక్క సముద్రం వైపు పోతుంటే ఆటు, ఊరి వైపు తిరిగితే పోటు. అది ఆయన గడియారం.

"చార్టులో ఎన్నింటికుంది?" అన్నాను.

"ఇంకా నలభై నిమిషాలుందండీ. దించెయ్యమంటారా?"

నలభై అన్న మాట విన్నాను. నలభై అని చెవిన పడ్డాక కూడా నాకు వెలగలేదు. ఎదురుగా అరవై మంది పిల్లలు, ఇద్దరి యంత్రాలు ఆగిపోయాయి, హెడ్ గారు గుమ్మంలో ఉన్నారు. అవన్నీ సాకులే.

"కొత్త చార్టు కదండీ, అంతా లెక్క చూసే కట్టాం. గాలికి కూడా డెక్క తిరుగుతుంది. మళ్ళీ మీరు ముందే దించితే ఎగువవాళ్ళు ఊరుకోరు. చార్టు ప్రకారం చెయ్యండి నాంచారయ్య గారూ" అన్నాను.

"మీరు చెప్తే సరేనండీ" అన్నాడు.

నేను ఆయన్ని గారు అని పిలిచేదాన్ని. మాట మాత్రం వినేదాన్ని కాదు. చదువుకున్నవాళ్ళ మర్యాద చాలామట్టుకు ఇలాగే ఉంటుంది.

నలభై నిమిషాలు ఆయన తలుపుల చక్రం పట్టుకుని నిలబడ్డాడు. ఉప్పునీరు కాలువ నిండా ఎక్కి శివారు నారుమళ్ళలోకి పోయింది. నాలుగో రోజుకి నారు ఎర్రబడింది.

మీటింగు

సంఘం ఆఫీసులో మీటింగు పెట్టారు. నన్నూ రమ్మన్నారు. శివారు రైతుల్లో ఒక పెద్దాయన ఎండిన నారు కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, వెళ్ళి వెనక కూర్చున్నాడు.

ప్రెసిడెంటు గారు, "నాంచారయ్యా, ఎన్నింటికి దించావు?" అని అడిగారు.

"చార్టులో ఉన్న టయానికేనండీ. ముందే తిరిగింది నీరు. మేడమ్ గారికి ఫోను కూడా చేశాను" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. ఫోన్ చేశాడు, నిజమే అన్నాను. చార్టు ప్రకారం దించమన్నాను అని కూడా చెప్పాను. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. తరవాత లాప్‌టాప్ తెరిచాను. నా ఫోల్డర్లో ఉన్న హెడర్ తీసి, ఇంజనీరు గారు ఇచ్చిన కొత్త అంకె అందరికీ చూపించాను. "చూడండి, ఇదిగో, నలభై నిమిషాలు తగ్గించేశాం. చార్టులో తప్పు లేదు" అన్నాను.

నేను చూపించింది నేను రాసిన ఫైలు. కంపైలర్ చదివిన ఫైలు కాదు. ఆ రెండూ వేరని ఆ గదిలో తెలియగలిగిన మనిషిని నేనొక్కదాన్నే.

చార్టు సరైనదైతే తప్పు ఎవరిది? వెనక నుంచి ఎవరో, "నిద్దరోయుంటాడు" అన్నారు. మిగతావాళ్ళు కాదనలేదు. నాంచారయ్య ఒకసారి స్క్రీన్ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. ఇంగ్లీషు అంకెలు ఆయనకి చదవడం వచ్చు. ఇరవై రెండేళ్ళు చేసిన పని ఆ సాయంత్రంతో పోయింది. తలుపుల గది తాళాలు బల్ల మీద నారు కట్ట పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

దొరికిన చిరునామా

రెండు వారాల తరవాత లాబ్‌లో ఒకమ్మాయి ప్రాజెక్టు కుదరడం లేదు. ఎంత మార్చినా పాత అవుట్‌పుటే వస్తోంది. ఏడుపు ముఖంతో, "నేను మార్చానండీ మేడమ్, ఒట్టు" అంది. ఏ హెడర్ తెస్తోందో చూద్దామని -H పెట్టి కొట్టాను. పైనుంచి కింది దాకా చిరునామాలు వచ్చాయి. ఆ అమ్మాయి హెడర్ ఆ అమ్మాయి ఫోల్డర్లోంచి రావడం లేదు. ఉమ్మడి ఫోల్డర్లో ఎవరో పాత విద్యార్థి పెట్టి వెళ్ళిన అదే పేరు ఫైలు వస్తోంది.

ఆ అమ్మాయికి సరిచేసి పంపాను. తరవాత పోటు చార్టు ప్రోగ్రాం తెరిచి అదే ప్రశ్న అడిగాను. కంపైలర్ నిజాయితీగా చెప్పింది. నా హెడర్ని అది ముట్టుకోలేదు. ఏళ్ళ కిందట నేనే ఉమ్మడి ఫోల్డర్లో పెట్టిన పాతదాన్ని తీసుకుంది.

పాతది తీసేసి, నా ఫోల్డర్ దారి చెప్పాను. మళ్ళీ కంపైల్ చేసి చార్టు తీశాను. ఈసారి అప్పుడు పంపిన చార్టు పక్కన పెట్టి తేదీకి తేదీ చూశాను. ఒక్క నిమిషం కూడా మారలేదు.

ఆశ అంటే ఎంత నీచమైనదో ఆ క్షణంలో తెలిసింది. చార్టు మారలేదు కాబట్టి బహుశా చార్టే సరైనదేమో, నాంచారయ్యే పొరబడ్డాడేమో అని నా మనసు సంతోషించింది. అవును, సంతోషించింది. ఆ తరవాతే ldd కొట్టి చూశాను. లెక్క కట్టే లైబ్రరీ కూడా ఉమ్మడి ఫోల్డర్లోదే. పాత హెడర్‌తో ఎప్పుడో కట్టింది. పాత అంకె దాని కడుపులోనే ఉండిపోయింది. హెడర్ ఎన్నిసార్లు మార్చినా అది మారదు. లైబ్రరీ కొత్తగా కట్టి, మళ్ళీ కలిపి చార్టు తీస్తే వేళలన్నీ నలభై నిమిషాలు ముందే పడ్డాయి. ఆ రోజు తేదీ ఎదురుగా, గుర్రపుడెక్క తిరిగిందని నాంచారయ్య ఫోన్ చేసిన నిమిషమే ఉంది.

ఇక్కడ పిల్లలకి ఒక మాట చెప్పాలి. హెడర్ సరిచేశాక పని అయిపోయిందనుకోకండి. చదివేది ఒకచోట నుంచి, కలిపేది ఇంకోచోట నుంచి. రెండు చోట్లా విడివిడిగా అడగాలి. నేను ఒక్కచోట కూడా అడగకుండా ఒక మనిషి మీద సాక్ష్యం చెప్పాను.

ప్రెసిడెంటు గారి సలహా

మర్నాడే సెలవు పెట్టి ప్రెసిడెంటు గారి ఇంటికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఫోల్డరు, లైబ్రరీ ఆయనకి ఎక్కలేదు. నలభై నిమిషాలు మాత్రం ఎక్కింది.

"ఇప్పుడు సరిగ్గా ఉందా అమ్మా?"

"ఉందండీ."

"అయితే కొత్త చార్టు పంపించండి. పాతది చించేయిస్తాను."

"నాంచారయ్య గారి సంగతండీ?"

"కొత్త మనిషిని పెట్టుకున్నాం. ఇప్పుడు ఈ మాట బయటికొస్తే శివారు వాళ్ళు మీ కాలేజీ మీదికొస్తారు, నా మీదికొస్తారు. చార్టునిక ఎవరూ నమ్మరు. మళ్ళీ గొడవలు మొదలవుతాయి. మీకు రెండేళ్ళలో రిటైర్మెంటు. తిలాపాపం తలా పిడికెడు అనుకుని వదిలెయ్యండి" అన్నారు.

తలా పిడికెడు ఎవరు పంచుకున్నారు? మొత్తం ఒక్కడి నెత్తినే పడింది. ఆ మాట ఆయన ముందు అనలేదు. కాఫీ తాగాను. తిరిగొచ్చి హెడ్ గారికి చెప్పాను. "పోనీలెండమ్మా, ఇప్పుడు కరెక్టయింది కదా" అన్నారు. మీటింగులో స్క్రీన్ చూపించి మాట్లాడిన మనిషికి, తప్పు నాది అని అదే గదిలో చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెబుదాం, ఈ పక్షం గడవనిద్దాం అనుకున్నాను. అలా రెండేళ్ళు గడిచాయి. రిటైరయ్యాను. మళ్ళీ శాలువా కప్పారు.

ఆ రెండేళ్ళలో లాబ్‌లో ఆ మూడు ప్రశ్నలూ నేర్పుదామని చూశాను. "పరీక్షలో వస్తాయా మేడమ్?" అన్నారు. ఇప్పటి పిల్లలు ప్రోగ్రాం కూడా ఫోన్‌లో అడిగి తెచ్చుకుంటున్నారు. అది ఏ హెడర్ కలుపుతోందో, ఏ లైబ్రరీ పట్టుకుంటోందో చూడమంటే నన్ను జాలిగా చూస్తారు. ఉమ్మడి ఫోల్డర్ శుభ్రం చేద్దామని మొదలుపెడితే, ఏది తీస్తే ఎవరిది ఆగిపోతుందోనని హెడ్ గారు వద్దన్నారు. నాకు తెలిసినంతవరకు ఇవాళ్టికీ అలాగే ఉంది.

చెరువు గట్టు

రిటైరైన తరవాత, మొన్న వేసవిలో, అవనిగడ్డలో బస్సు మారి కోడూరు వైపు వెళ్ళాను. నాంచారయ్య ఎవరిదో చేపల చెరువు మీద మేత వేసే పనిలో ఉన్నాడని కనుక్కున్నాను. గట్టు మీద మేత సంచులకి తాళ్ళు కడుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి నిలబడి, తువ్వాలుతో గట్టు మీద రాయి తుడిచి కూర్చోమన్నాడు.

"నాంచారయ్య గారూ, ఆ రోజు చార్టు తప్పండీ. మీరు చేసింది సరిగ్గానే ఉంది" అన్నాను.

"తెలుసండీ" అన్నాడు.

"తెలుసా?"

"నీళ్ళ పక్కన ఉన్నది నేనే గదమ్మా. ఎన్నింటికి తిరిగిందో నాకు తెలవకపోతే ఇంకెవరికి తెలుత్తది?"

అయినా నేను ఆగలేదు. ఉమ్మడి ఫోల్డరు, పాత హెడరు, లైబ్రరీ, అన్నీ చెప్పాను. రెండేళ్ళకి పైగా దాచుకున్నది కదా. మర్యాదగా విన్నాడు. నా కళ్ళు తడిస్తే అటు తిరిగి తాడు ముడి బిగించుకున్నాడు.

"ఈ మాట మీటింగులో చెప్పారా అమ్మా?"

"ప్రెసిడెంటు గారికి చెప్పాను."

"ఆయనకి కాదండీ. మా ఊళ్ళోవాళ్ళకి. మా ఆవిడ బోరింగు కాడికెళ్తే ఇప్పటికీ అంటారు, మీ ఆయన నిద్దరోయి నారంతా చంపాడంట గదా అని."

వాళ్ళకి చెప్పలేదన్నాను.

"తెలిసినోడికి చెప్పడానికి ఇంత దూరం వచ్చారు. తెలియనోళ్ళు మీరొచ్చిన దారిలోనే ఉన్నారు గదమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. తరవాతి సంచి తీసుకుని పనిలో పడ్డాడు.

తిరుగు బస్సు వాళ్ళ ఊళ్ళో, సంఘం ఆఫీసు ఎదురుగా ఆగింది. తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల నలుగురైదుగురు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. కండక్టరు, "దిగేవాళ్ళున్నారా?" అని రెండుసార్లు అడిగాడు. నేను దిగలేదు.